లెసోతో కొండలలో గ్రామసేవ

ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున, నలువైపుల దక్షిణాఫ్రికా దేశముచే చుట్టబడిన చిన్న కొండదేశ మొకటి కలదు. దాని పేరు లెసోతో. 1966వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన అది ఆంగ్లేయుల పాలననుండి విడివడి స్వతంత్రమైనది. సముద్రమట్టమునకు వేయి మీటర్లకంటె తక్కువ ఎత్తున నున్న నేల ఆ దేశమున నెచ్చటను లేదు. అచ్చటి కొండగ్రామములలో మేము కొంతకాలము స్వచ్ఛంద గ్రామసేవకులముగా నుంటిమి. మన సంఘసభ్యులకు పనికివచ్చు సంగతులను కొన్నింటి నిందు వ్రాయుచున్నాము.

కొండలలో పెక్కు గ్రామములకు బండిబాట లేదు. పొట్టి గుఱ్ఱములపైనను కాలినడకను తిరుగవలెను. మనకు తొలకరి పడు జూన్ మాసమున వారికి నడిచలికాలము. ఎత్తైన కొండలపై మంచు కురియును. ఆడవారును మగవారును మందమైన కంబళ్లు కప్పుకొందురు. వారి ముఖ్యాహారము మొక్కజొన్నపిండి సంకటి. దానిని 'పాపా' యందురు. జొన్నసంకటి తిని పెరిగిన మాకది క్రొత్త తిండిగా తోపలేదు. పెద్దమనిషిని 'న్తాతే', అనగా తండ్రీ యనియు, ఇల్లాలిని 'మ్మే', అనగా తల్లీ యనియు పిలిచి, కుశలమడిగిన పిమ్మటనే పనిమాట యెత్తవలెను. 'శాంతి, వాన, సమృద్ధి' యనునవి ఆ దేశపు ముద్రికపై నున్న మాటలు. సేద్యము చేయు ప్రజలకు ఇంతకంటె తగిన కోరికలు వేఱేమి కలవు?

ఆ దేశమున సాగునకు తగిన నేల సుమారు పదింట నొకవంతు మాత్రమే. వానలకు వాలునేల కోసుకొనిపోయి, మనిషి లోతునకు మించిన గండ్లు పడియున్నవి. నేల చాలక మగవారు దక్షిణాఫ్రికా బంగారు గనులలో కూలికి పోవుచుండిరి. 1980 ప్రాంతములందు అట్లు పోయినవారు లక్షకు పైబడి యుండిరి; తరువాత ఆ సంఖ్య మిక్కిలి తగ్గిపోయినది. అందుచే పొలముల భారము చాలవరకు స్త్రీలపై పడినది. కలుపుతీతకును కోతకును ఇరుగుపొరుగువారు కూడివచ్చి ఒకరి పొలమున నొకరు పనిచేయుదురు. పొలముగలవారు వారికి భోజనము పెట్టుదురు. దీనికి 'లెట్సెమా' యని పేరు. రిజిస్టరు చేయబడని సహకారసంఘమిది.

1975లో థాబా-త్సేకా యను కొండప్రాంతమున ప్రపంచబ్యాంకును, కెనడా దేశమును ధనమిచ్చి యొక గొప్ప అభివృద్ధి పథకమును ఆరంభించినవి. అధికారులు, ఆ ప్రాంతమున పశువులు మితిమీరియున్నవనియు, రైతులు వానిని అమ్మక వ్యర్థముగా మేపుచున్నారనియు తలచిరి. పచ్చికబయలునకు కంచె వేసి, కొందఱి మేలుజాతి పశువులను మాత్రము అందు మేపింపజూచిరి. గ్రామస్థులు కంచెను తెగగొట్టి తమ పశువులను లోనికి తోలిరి. 1984 నాటికి ఆ పథకము ముగిసినది. మారుమూలనున్న ఆ ప్రాంతమునకు రాజధానినుండి రోడ్డు మాత్రము దక్కినది. సేద్యము మాత్రము మాఱలేదు.

రైతులు మూఢులా? కారు. ఈ సంగతిని జేమ్స్ ఫెర్గూసన్ అను పండితుడు అచ్చట నివసించి విచారించి 1990లో గ్రంథముగా ప్రకటించెను. గనిలో సంపాదించిన రొక్కము ఇంటనున్నచో, ఏదో యొక అవసరమునకు ఎవరో యొకరు అడుగుదురు, అది నిలువదు. అదే యావు రూపమున నున్నచో, గొప్ప ఆపద వచ్చిననే తప్ప అమ్మరాదని లోకాచారము. గని విడిచి ఇల్లు చేరిన ముసలితనమునకు ఆ మందయే పింఛను. అది బేరపు సరకు కాదు, బ్యాంకులోని పొదుపు. ఆ సంగతిని తెలియనివారు దానిని అజ్ఞానమనిరి.

ఇక వర్ధిల్లిన పని యొకటి చెప్పెదము. ఇంటి ప్రక్కను, ఆఱడుగుల అడ్డుకొలతగల గుండ్రని మడిని రాళ్లతో నడుము ఎత్తున కట్టుదురు. ఒక ప్రక్క నుండి నడిమివరకు మనిషి నడుచుటకు సందు విడుతురు. పైనుండి చూచిన తాళపుకప్ప కన్నమువలె నుండును. నడుమ పుల్లలతో అల్లిన బుట్టను నిలిపి, అందు చెత్త, పేడ వేసి, గిన్నెలు కడిగిన నీరు పోయుదురు. చుట్టును బూడిద, ఎరువు, మట్టి పొరలుగా పఱచి, బుట్టనుండి అంచునకు వాలుగా సర్దుదురు. ఆ సారము నలువైపుల దిగి, ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్టు, ఉల్లి పండును. ఆ దేశమున ఎయిడ్సు వ్యాధి మిక్కిలి ప్రబలియున్నది. తల్లిదండ్రులు పోగా మనుమలను పెంచు అవ్వలు ఇంటింట కలరు. నడుము వంపనక్కఱలేని ఈ మడి ముసలివారికిని, రోగులకును అనుకూలము. కావలసిన వస్తువులన్నియు ఊరనే దొరకును. కొనవలసినవి విత్తనములు మాత్రమే. లెట్సెమా పద్ధతిని పదిమంది చేరిన మడి త్వరలోనే పూర్తియగును.

సోదర రైతులారా! మాబోటి సేద్యపు ప్రదర్శకుడు గాని, ధనమిచ్చువారు గాని మీ సంఘమునకు క్రొత్త పథకము తెచ్చినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు. దీనిని కోరినవా రెవరు? నష్టము వచ్చిన భరించువా రెవరు? తెచ్చినవారు వెడలిపోయిన పిమ్మట నడపువా రెవరు? మీ పాతవాడుకకు కారణమున్నచో సభలో నిలిచి చెప్పుడు. అది వినక ముందడుగు వేయు పథకమునకు మీ వ్రేలిముద్ర వేయకుడు. పరదేశపు కొండలలో కోట్ల ధనము వ్యయమై తేలిన నిజమిది. మన పంచాయతీ అరుగుపై ఒక పూట మాటలాడుకొన్నచో మనకు వ్యయము లేకయే లభించును.