లినక్స్ కంప్యూటరుకు ఇంటి బ్రాడ్‌బ్యాండ్

పిల్లల చదువుకని చౌకగా కొన్న పాత కంప్యూటరులో తరచు ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థ ఉంటుంది. “విండోస్ లేనిదే నెట్ రాదు” అని కనెక్షన్ బిగించే మనిషి చెప్పగానే కొన్ని కుటుంబాలు విండోస్ వేయించడానికి డబ్బు వెచ్చిస్తున్నాయి. ఆ వ్యయం అనవసరం.

ఫైబర్ కనెక్షన్లలో కంపెనీ ఇచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సాధారణంగా రౌటరులోనే నమోదవుతాయి. ఆ పిమ్మట కంప్యూటరులో ఏ వ్యవస్థ ఉన్నదన్న ప్రసక్తి లేదు. రౌటరు నుండి ల్యాన్ కేబుల్ తగిలిస్తే ఉబుంటు తనంతట తానే నెట్ అందుకుంటుంది.

మోడెమ్ బ్రిడ్జ్ పద్ధతిలో ఉన్నచోట మాత్రమే ఆ వివరాలను కంప్యూటరుకు ఇవ్వవలసి ఉంటుంది. అక్కడ వాడే పి.పి.పి.ఓ.ఇ. విధానం 1999లోనే అందరికీ అందుబాటులో ప్రచురితమైనది. అది విండోస్ సొత్తు కాదు. ఉబుంటు నెట్‌వర్క్ కనెక్షన్ల ఎడిటర్‌లో కొత్త కనెక్షనుగా ‘డి.ఎస్.ఎల్.’ ఎంచుకొని వాటిని నింపాలి.

నిజమైన చిక్కు వైఫైతో రావచ్చు. బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో అది మొదట కనిపించదు. అప్పుడు కేబుల్‌తో నెట్ పెట్టుకొని, ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి తగిన డ్రైవరును స్థాపించుకోవాలి.

బిగించే మనిషి వెళ్ళకముందే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాగితంపై వ్రాయించుకోవాలి. రౌటరును రీసెట్ చేసిన నాడు అవి మరల అవసరమవుతాయి.