మీకు తెలుసా? ఫాయిల్ రాణి వాలెంటీనా వెజ్జాలి

ఇటలీ ఫెన్సింగ్ క్రీడాకారిణి వాలెంటీనా వెజ్జాలి 1974లో యేజీ అనే చిన్న పట్టణంలో పుట్టింది. అక్కడి ఫెన్సింగ్ క్లబ్‌ను తీర్చిదిద్దిన గురువు ఎజియో ట్రికోలి ఈ విద్యను రెండో ప్రపంచయుద్ధ కాలంలో దక్షిణాఫ్రికాలోని ఖైదీల శిబిరంలో నేర్చుకున్నాడు. ఫెన్సర్లు జొవాన్నా ట్రిలీనీ, ఎలీసా దీ ఫ్రాంచిస్కా కూడా ఈ ఊరివాళ్లే. ఇంత చిన్న ఊరు ఇందరు ఒలింపిక్ విజేతలను ఇవ్వడం నిజంగా అబ్బురమే.

ఫాయిల్ పోటీలో తేలికైన కత్తి మొనతో ప్రత్యర్థి మొండేనికి తగిలిస్తేనే పాయింటు; చేతులకూ కాళ్లకూ తగిలితే లెక్కలోకి రాదు. ఈ విభాగంలో వెజ్జాలి 2000, 2004, 2008 ఒలింపిక్స్‌లో వరుసగా వ్యక్తిగత స్వర్ణాలు గెలిచింది. మహిళల ఫాయిల్‌లో అంతకుముందు ఎవరికీ అది సాధ్యం కాలేదు. 2008 బీజింగ్ ఫైనల్లో దక్షిణ కొరియాకు చెందిన నామ్ హ్యున్‌హీపై ఆఖరి క్షణాల్లో 6–5తో గట్టెక్కింది.

2005లో బిడ్డను కన్న కొద్ది నెలలకే ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె పోరాటపటిమకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

2012లో లండన్ ఒలింపిక్స్‌లో ఇటలీ జెండా పట్టి జట్టును నడిపించింది. అక్కడ వ్యక్తిగత విభాగంలో మూడు పతకాలూ ఇటలీవే, కాంస్యం ఆమెది. మొత్తం ఒలింపిక్ పతకాలు 9, అందులో స్వర్ణాలు 6. జనాదరణ ఆమెను టీవీ డ్యాన్స్ పోటీకీ, 2013లో పార్లమెంటుకూ చేర్చింది. 2016లో ఆటకు వీడ్కోలు పలికాక, 2021లో ప్రభుత్వంలో క్రీడల బాధ్యత చేపట్టింది.