పావగడ సీమ నీటితొట్లలో పాచి: కారణములు, నివారణము

పావగడ తాలూకా కర్ణాటకమందలి తుమకూరు జిల్లాకు చెందినదైనను, దానిని చాలవరకు చుట్టియున్నది తెలుగుసీమయే. అచ్చటి ఊళ్ళు పెక్కింట తెలుగే ఇంటిభాష. వాన తక్కువ. ఉత్తర పినాకిని నాగలమడికె మీదుగా సాగుచున్నను ఏటిలో నీరు పారు దినములు స్వల్పము. కావున బోరునీటిని పెరటి గచ్చుతొట్టిలో నిలువచేసికొనుట తప్పదు. ఈ తొట్టికిని, పిల్లలు ఈతకొట్టు పాత దిగుడుబావికిని, కలవారు ఇంట కట్టించుకొను ఈతకొలనుకును పట్టు తెగులు ఒక్కటియే: పాచి.

పాచి మురికి కాదు, ప్రాణముగల మొక్కజాతి. దానికి కావలసినవి నిలిచిన నీరు, వెలుతురు, కొంచెము నత్రజని, భాస్వరము. ఆకులు, దుమ్ము, సబ్బునురుగు, స్నానము చేయువారి చెమట ఈ ఆహారమును సమకూర్చును. ఇక వెలుతురునకు కొదువ లేదు. తిరుమణి చుట్టుపట్ల 2019 నాటికి పూర్తియైన 2050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమునకు ఏ ఎండ ఆధారమో, తొట్టిలోని పాచికిని ఆ ఎండయే ఆధారము.

పాచికి మైలుతుత్తము వేయుట పలువు రెరిగిన ఉపాయము. 1904లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అను శాస్త్రజ్ఞులు దీనిని నీటి సరఫరా జలాశయములకు ప్రతిపాదించిరి. అయితే అది మెత్తని నీటిలో పనిచేసినట్లు చవుటినీటిలో పనిచేయదు. రాతినేలలోని బోరునీరు కఠినము, క్షారయుతము. అందు రాగి కర్బనితముగా మారి అడుగున పేరుకొనును. ఫలము కనబడలేదని మోతాదు పెంచినచో చేపలు చచ్చును.

బ్లీచింగు పొడికిని ఇట్టి చిక్కే కలదు. క్లోరినుయొక్క చంపు శక్తి నీటి పి.హెచ్. అంకము 7.5 వద్ద ఇంచుమించు సగమై, 8.5 వద్ద పదింట ఒక వంతునకు దిగును. పాచి పగటివేళ నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుటచే ఆ అంకము మరింత పెరుగును. పైగా ఎండలో క్లోరిను త్వరగా నశించును. కావున మందు వేయుటకు సాయంకాలమే తగిన వేళ.

అన్నిటికంటె ముందు చేయవలసినది గీకుట. గోడల పాకుడు పొర లోపలికి మందు సులభముగా చొరదు. కొబ్బరిపీచుతోనో గట్టి కుంచెతోనో తోమి, తేలిన తెట్టును తీసివేసి, పిమ్మట మందు వేయవలెను. 25 పాళ్ళు క్లోరిను గల పొడి 400 గ్రాములు 10,000 లీటర్ల కొలనులో లీటరునకు 10 మిల్లీగ్రాముల క్లోరిను నిచ్చును. పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగంటిన తరువాత పై తేటనే పోయవలెను. క్లోరిను 3 మిల్లీగ్రాములకు తగ్గువరకు ఎవరును దిగరాదు. గచ్చు కడుగు యాసిడ్‌తో ఈ పొడిని ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. ఇండుపగింజ అరగదీసి కలుపుట నీటిని తేర్చునుగాని పాచిని చంపదు.

పశువులు త్రాగు కుంటలలో పచ్చరంగు పూసినట్లు తెట్టు కట్టినచో జాగ్రత్త అవసరము. అది కొన్నిచోట్ల విషముగల నీలిహరిత జాతి. దానినొక్కసారిగా మందుతో చంపినచో లోని విషము నీటిలోనికి విడివడును. పశువులను అచ్చటినుండి మరల్చుటయే మేలు.

పాచి పోయి అద్దమువలె మెరయు నీరు త్రాగుటకు మంచిదని తలచుట ఈ సీమలో ప్రమాదకరము. పావగడ బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. పండ్లకు గారపట్టుట, కీళ్ళు బిగియుట దానివలననే. భారత ప్రమాణముల ప్రకారము లీటరునకు 1 మిల్లీగ్రాము వాంఛనీయము. వేరు దిక్కు లేనప్పుడు 1.5 పరమావధి. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. క్లోరినుగాని, మైలుతుత్తముగాని, కాచుటగాని దానిని తొలగింపజాలవు. కాచిన నీరు ఇగిరినకొలది అది చిక్కనగును.

మిద్దెపై కురిసిన వాన తొలినీటిని వదలి, తక్కినదానిని మూతగల నేలతొట్టిలో పట్టుకొన్నచో, అందు వెలుతురు లేదు గనుక పాచి పెరుగదు, నేలను తాకలేదు గనుక ఫ్లోరైడు చేరదు. కాచి త్రాగుటకు ఆ నీటిని ఉంచుకొని, ఈతకును పెరటికిని బోరునీటిని వాడవచ్చును.