పద్దులు తగ్గినా జీతం చీటీ తప్పదు

చిన్న యజమానులకు కార్మిక చట్టాల రాతకోతలు తగ్గించేందుకు 1988లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఒక్కో చట్టానికి ఒక్కో పుస్తకం రాసే బదులు కొద్దిపాటి రిజిస్టర్లు, ఏడాదికొక రిటర్ను చాలునన్నది దాని సారాంశం. మొదట 19 మంది వరకు పనివారున్న సంస్థలకే ఉన్న ఈ వెసులుబాటును 2014 సవరణ 40 మంది వరకు పెంచింది. దీని పరిధిలోని చట్టాలు 9 నుంచి 16కు పెరిగాయి. కంప్యూటర్ పద్దులకూ అనుమతి లభించింది.

అయితే వెసులుబాటు పుస్తకాలకే గాని చెల్లింపులకు కాదు. జీతం చీటీలు ఇవ్వడం అప్పుడూ తప్పలేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ చీటీ ఇవ్వవలసిందే. జీతం అందలేదని గుమాస్తా ఫిర్యాదు చేస్తే, ఇచ్చినట్లు రుజువు చేసే బాధ్యత ఈ కోడ్ ప్రకారం యజమానిదే. ఆనాడు కొట్టుకు అక్కరకు వచ్చేది సంతకమున్న చీటీ నకలే.