లెస్టర్ సిటీ విజయం

ఇంగ్లండు దేశపు మధ్యభాగంలో లెస్టర్ అనే నగరం ఉంది. మేజోళ్ల పరిశ్రమకు, బూట్ల పరిశ్రమకు పూర్వం పేరుపొందిన ఈ నగరంలో భారతీయ సంతతివారు, ముఖ్యంగా గుజరాతీలు అధికసంఖ్యలో నివసిస్తున్నారు. 1884లో స్థాపితమైన ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు లెస్టర్ సిటీ. నూట ముప్పై ఏళ్ల చరిత్రలో ఆ క్లబ్బు ఒక్కసారైనా దేశపు అగ్రశ్రేణి విజేతగా నిలవలేదు. 2008-09లో మూడవ శ్రేణిలో కూడా ఆడవలసివచ్చింది.

ఇంగ్లండులో అగ్రశ్రేణి పోటీని ప్రీమియర్ లీగ్ అంటారు. ఇందులో ఇరవై జట్లు ఉంటాయి. ప్రతి జట్టూ మిగిలిన పందొమ్మిది జట్లతో రెండేసిసార్లు, అనగా మొత్తం 38 ఆటలు ఆడుతుంది. గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒక పాయింటు లభిస్తాయి. చివరి మూడు జట్లు దిగువశ్రేణికి పడిపోతాయి. 2014-15లో లెస్టర్ నెలల తరబడి పట్టికలో అట్టడుగున ఉండి, చివరి తొమ్మిది ఆటలలో ఏడింటిని గెలిచి, ఎట్లో గట్టెక్కింది.

కనుక 2015లో ఇటలీకి చెందిన క్లాడియో రనియెరీ శిక్షకుడుగా వచ్చినపుడు ఎవరూ పెద్ద ఆశలు పెట్టుకోలేదు. లెస్టర్ విజేత అయితే ఒక పౌండుకు అయిదువేల పౌండ్లు ఇస్తామని పందెపు సంస్థలు ప్రకటించాయి. అసంభవమని చెప్పడానికి అది వారి పద్ధతి.

జట్టులోని వారు కూడ సామాన్యులే. జేమీ వార్డీని పదహారేళ్ల వయసులో, పొట్టివాడని ఒక క్లబ్బు వదిలివేసింది. అతడు కర్మాగారంలో పనిచేస్తూ చిన్న జట్లకు ఆడాడు. రియాద్ మహ్రెజ్ ఫ్రాన్సులోని రెండవ శ్రేణినుండి స్వల్పమైన ధరకు వచ్చాడు. బంతిని ప్రత్యర్థి కాళ్లనుండి లాగుకోవడంలో ఎన్‌గోలో కాంటే అసమానుడు. అతడు బంతి లాగగానే డ్రింక్‌వాటర్ ముందుకు పంపేవాడు, వార్డీ దాని వెంట పరుగెత్తేవాడు. బంతిని తమవద్ద ఎక్కువసేపు ఉంచుకోకపోవడమే వారి ఎత్తుగడ. చూడటానికి ఇది అంత అందమైన ఆట కాదు, కాని దానిని ఆపడం కష్టమైంది.

మొదట వెనుకవరుస బలహీనంగా ఉండేది. ఒక్క గోలు కూడ ఇవ్వకుండా ఆట ముగిస్తే పిజ్జా తినిపిస్తానని రనియెరీ ఆటగాళ్లకు మాట ఇచ్చాడు. పదవ ఆటలో క్రిస్టల్ ప్యాలెస్ జట్టుపై అది నెరవేరింది. అయితే పిజ్జాలను ఆటగాళ్లచేతనే చేయించాడు! నవంబరు 28న వార్డీ వరుసగా పదకొండవ లీగ్ ఆటలో గోలు చేసి రికార్డు నెలకొల్పాడు. అంతకుముందు ఏడు విజేత అయిన చెల్సీ, డిసెంబరులో లెస్టర్ చేతిలో ఓడిన మూడు రోజులకే తన శిక్షకుణ్ణి తొలగించింది. పెద్ద క్లబ్బులు తడబడిన సంవత్సరమది. ఈ అదృష్టాన్ని కాదనలేము. అయినా 2016 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీని వారి మైదానంలోనే 3-1తో ఓడించడం అదృష్టం కాదు. వసంతంలో వరుసగా నాలుగు ఆటలను 1-0తో గెలిచింది. శరత్కాలంలో గోళ్లు కొరుకుకొన్న వెనుకవరుస అప్పటికి కోటగోడ అయింది.

2016 మే 2న లెస్టర్‌కు ఆట లేదు. ఆ రాత్రి టాటన్‌హామ్ చెల్సీపై గెలవకుంటే చాలు. ఆటగాళ్లు వార్డీ ఇంటిలో చేరి టెలివిజన్ ముందు కూర్చున్నారు. విరామానికి టాటన్‌హామ్ 2-0 ఆధిక్యంలో ఉంది. విరామం తరువాత చెల్సీ రెండు గోలులూ తీర్చింది. ఆట డ్రా అయింది. లెస్టర్ మొత్తం 38 ఆటలలో మూడింటిలో మాత్రమే ఓడి, 81 పాయింట్లు సాధించింది. రెండవ స్థానంలోని ఆర్సెనల్‌కు 71 వచ్చాయి.

ఆ వైభవం నిలువలేదు. తొమ్మిది నెలలకే, 2017 ఫిబ్రవరిలో, రనియెరీని తొలగించారు. 2018 అక్టోబరులో క్లబ్బు యజమాని, థాయ్‌లాండుకు చెందిన విచాయ్ శ్రీవద్ధనప్రభ మైదానం వెలుపల హెలికాప్టర్ కూలి మరణించాడు. 2023లో జట్టు దిగువశ్రేణికి పడిపోయి, మరుసటి ఏడు తిరిగివచ్చి, 2025లో మళ్లీ పడిపోయింది. విజేతల జట్టులో చివరివరకు మిగిలిన వార్డీ, ఆ ఏడు మేలో తన అయిదువందలవ ఆటలో రెండువందలవ గోలు చేసి లెస్టర్‌కు వీడ్కోలు పలికాడు.