ముల్లు కదిలితేనే బోటు భద్రం
పాత మోటారు బోట్ల డ్యాష్‌బోర్డు పునరుద్ధరణ ఎలా?

ఏలూరు: కొల్లేరులో తిరిగే మోటారు బోట్లకు గుర్రపుడెక్క బెడద తప్పదు. దాని వేళ్లు పంకాకు చుట్టుకోవడమే కాక, ఇంజినును చల్లబరచే నీటిని తోడుకునే రంధ్రాన్నీ మూసివేస్తాయి. నీరందని ఇంజిను కొద్ది నిమిషాల్లోనే వేడెక్కుతుంది. ఈ సంగతిని సరంగుకు ముందుగా తెలియజేసేది డ్యాష్‌బోర్డులోని ఉష్ణోగ్రత మీటరే. పాత బోట్లలో ఆ ముల్లు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. సరంగు శబ్దాన్ని బట్టి ఇంజిను తీరును అంచనా వేస్తాడు. శబ్దం మారేసరికి ఇంజిను సీజ్ కావచ్చు, బోటు నడినీటిలో నిలిచిపోవచ్చు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తింది. బుడమేరు నీరు చివరకు చేరేది కొల్లేరుకే. అలాంటి వేళ రోడ్లు మునిగితే లంక గ్రామాలకు పడవే దిక్కు. నెలల తరబడి రేవులో కట్టి ఉంచిన బోటు సరిగ్గా ఆ వారంలోనే నమ్మకంగా నడవాలి. అందువల్ల డ్యాష్‌బోర్డు మరమ్మతును వేసవిలోనే ముగించుకోవడం మేలు. లారీలు, ట్రాక్టర్ల వైరింగు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్లు ఈ పనిలో అధిక భాగం చేయగలరు. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల్లో వారికి కొదవ లేదు. నీటి మీద నడిచే వాహనానికి కావలసిన జాగ్రత్తలను మాత్రం యజమాని దగ్గరుండి చేయించుకోవాలి.

పలకపై ఉండేవేమిటి?

ఇంజిను వేగం, ఆయిల్ పీడనం, ఉష్ణోగ్రత, బ్యాటరీ, ఇంధనం తెలిపే ఐదు మీటర్లు సాధారణంగా ఉంటాయి. వీటితో పాటు తాళంచెవి స్విచ్, లైట్లు, హారన్, బోటు అడుగున చేరిన నీటిని తోడే పంపు స్విచ్‌లు ఉంటాయి. విద్యుత్తుతో పనిచేసే మీటరుకు సమాచారం అందేది ఇంజినుకు బిగించిన సెన్సరు నుంచే. కాబట్టి ముల్లు కదలకపోతే దోషం మీటరులో ఉండవచ్చు, సెన్సరులో ఉండవచ్చు, రెండింటినీ కలిపే తీగలోనూ ఉండవచ్చు. ఇది తేల్చుకోకుండా కొత్త మీటర్లు కొనడం వృథా ఖర్చు.

మొదట ఎర్త్ తీగ

పని ప్రారంభించే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. పలక వెనుక భాగాన్ని ఫొటో తీసుకుని, ప్రతి తీగకూ పేరు రాసిన చీటీ అంటించాలి. మీటర్లన్నీ ఒకేసారి తప్పు చూపుతున్నా, లైటు వేయగానే ముళ్లు కదులుతున్నా ఎర్త్ తీగను అనుమానించాలి. తేమకు కలుపు చోట్ల పచ్చని కిలుము పడుతుంది. దానిని గీకి శుభ్రపరచి, మళ్లీ గట్టిగా బిగిస్తేనే అనేక మీటర్లు ప్రాణం పోసుకుంటాయి.

మీటరా? సెన్సరా?

ఉష్ణోగ్రత మీటరును పరీక్షించడం తేలిక. బ్యాటరీని తిరిగి కలిపి, ఇంజినును స్టార్టు చేయకుండా తాళంచెవి మాత్రం తిప్పాలి. సెన్సరు తీగను ఊడదీసి, క్షణకాలం ఇంజిను లోహానికి తాకించాలి. ఎక్కువ రకాల మీటర్లలో ముల్లు వెంటనే వేడి వైపు చివరకు పోతుంది. అలా పోతే మీటరు, తీగ బాగున్నట్లు, సెన్సరు మార్చాలి. కదలకపోతే తీగను, మీటరును చూడాలి. ఇంధన ట్యాంకు వద్ద మాత్రం ఇలా తాకించరాదు. నిప్పురవ్వ లేస్తే ప్రమాదం.

సెన్సరు, మీటరు ఒకే పద్ధతివై ఉండాలి. అమెరికా పద్ధతి ఇంధన సెన్సరు ఖాళీ ట్యాంకుకు 240 ఓంలు, నిండు ట్యాంకుకు 33 ఓంలు చూపుతుంది. ఐరోపా పద్ధతిలో ఖాళీకి సుమారు 10, నిండుకు 180 ఓంలు. రెండింటినీ కలగలిపితే ముల్లు తలకిందులుగా తిరుగుతుంది.

చెక్క, తీగ, ఫ్యూజు

* పలక ఉబ్బిపోయి ఉంటే ఐఎస్ 710 గుర్తు గల మెరైన్ ప్లైవుడ్ వాడాలి. పాత పలకనే అచ్చుగా పెట్టి రంధ్రాలు కోయాలి. కోసిన అంచులకు ఎపాక్సీ పూయకపోతే తేమ అక్కడి నుంచే లోపలికి చేరుతుంది.

* ఇళ్లలో వాడే ఒంటి పోగు తీగ ఇంజిను అదురుకు తెగిపోతుంది. తగరం పూత గల, అనేక పోగుల రాగి తీగ మన్నుతుంది.

* ప్రతి సర్క్యూట్‌కూ ఫ్యూజు ఉండాలి. నీరు తోడే పంపుకు ఫ్యూజుతో బ్యాటరీ నుంచే నేరుగా తీగ ఇస్తే, మెయిన్ స్విచ్ ఆపినా అది పనిచేస్తుంది.

* పాత బోట్లలోని ఆమ్మీటరు గుండా ఛార్జింగు కరెంటు మొత్తం ప్రవహిస్తుంది. కలుపు వదులైతే అక్కడ వేడి పుడుతుంది. దాని స్థానంలో వోల్టుమీటరు క్షేమం. ఇంజిను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులకు అటూఇటుగా, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు చూపాలి.

* 1960ల నాటికి ముందరి, చీకటిలో మెరిసే అంకెల విదేశీ మీటర్లలో రేడియం పూత ఉండవచ్చు. వాటిని విప్పరాదు, గీకరాదు.

చూపు చాలదు, మోత కావాలి

సరంగు కళ్లు దారి మీద, ప్రయాణికుల మీద ఉంటాయి. అందుకే ఆయిల్ పీడనం తగ్గినా, వేడి పెరిగినా మోగే బజరును అమర్చుకోవాలి. దానికి మీటరు సెన్సరుతో సంబంధం లేని వేరే స్విచ్‌లు ఉంటే, ఒకటి విఫలమైనా మరొకటి హెచ్చరిస్తుంది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే నౌకలకు సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీటర్లు ఎంత బాగున్నా సర్వేకు, లైఫ్ జాకెట్లకు అవి ప్రత్యామ్నాయం కావు.

పని పూర్తయ్యాక బోటును రేవుకు కట్టి అరగంట ఇంజిను నడపాలి. ఆ సమయంలో ప్రతి ముల్లూ ఎక్కడ నిలిచిందో అద్దంపై చిన్న రంగు చుక్కతో గుర్తించాలి. ఇంజిను నుంచి బయటకు వచ్చే నీటి ధారనూ గమనించాలి. ఇంజినులో నీరు పూర్తిగా తగ్గిపోతే సెన్సరుకు వేడి సరిగా తగలక మీటరు తక్కువ చూపే ప్రమాదం ఉంది. ముల్లు చుక్క దాటినా, ధార సన్నగిల్లినా ఇంజినును ఆపి గుర్రపుడెక్కను తొలగించాకే ముందుకు సాగాలి. ఆ చుక్క ఉంటే బోటుకు కొత్తగా వచ్చిన సరంగు కూడా తేడాను వెంటనే గుర్తించగలడు.