వైద్యుని ప్రతిఫలము – రోగి క్షేమము

పాలను కొలతను బట్టి మాత్రమే కొన్నచో నీరు కలియును. వెన్నను బట్టి వెల కట్టినచో చిక్కని పాలు వచ్చును. ఈ సంగతి మన సంఘ సభ్యు లెల్లరకును అనుభవమే. వైద్యమునకును ఇట్లే గుణమును బట్టి వెల కట్టరాదా యను ఆలోచన పలు దేశములందు పుట్టినది. రోగి వచ్చిన ప్రతిసారి కింత యని యిచ్చినచో రాకలు పెరుగును. నెలజీత మిచ్చినచో రోగము కుదిరినను కుదురకున్నను ఆదాయ మొక్కటే.

తైవాను ద్వీపమున 1995లో జాతీయ ఆరోగ్య బీమా ఏర్పడెను. ప్రజలు, యజమానులు, ప్రభుత్వము కలిసి చందా చెల్లింతురు. 2001లో మధుమేహము, క్షయ, ఉబ్బసము మున్నగు కొన్ని వ్యాధులకు క్రొత్త యేర్పాటు చేసిరి. మధుమేహ రోగి రక్తమును కాలక్రమమున పరీక్షించి, కన్నులను, మూత్రపిండములను చూచి, ఆహారనియమములు బోధించు వైద్యునకు మామూలు రుసుముపై అదనపు సొమ్ము లభించును. ఇందు చేరిన రోగులకు పరీక్షలు క్రమముగా జరిగెను.

అయితే ఎవరిని చేర్చుకొనవలయునో నిర్ణయించువాడు వైద్యుడే. ఇతర వ్యాధులు కూడ కలవారు, రోగము ముదిరినవారు తక్కువగా చేర్చబడిరని పరిశోధకులు కనుగొనిరి. ఎకరమునకు కూలి గుత్తకొన్నవాడు మెత్తని నేలను దున్ని, గట్టి నేలను విడిచినట్లే యిదియు.

పన్నుల ధనముతో వైద్యము నడచు బ్రిటనులో 2004లో 146 అంశములకు 1050 మార్కులు నిర్ణయించి, వానిని బట్టి కుటుంబ వైద్యులకు సొమ్ము చెల్లించిరి. ఉబ్బసము, మధుమేహముల చికిత్స కొంత మెరుగుపడెను. కాని మార్కులు లేని కొన్ని పనులు వెనుకబడెను. స్కాట్లండు 2016లో ఆ పద్ధతిని మానుకొనెను.

కావున గుణమును కొలుచుట మంచిదే గాని, కొలతలో చేరనివారిని కూడ లెక్కింపవలయును. కష్టమైన రోగిని స్వీకరించిన వైద్యునకు హెచ్చు ప్రతిఫల మీయవలయును. వైద్యుని చేతిలో నున్న పనికే అతనిని బాధ్యుని చేయవలయును. మంచి సేద్యము చేసినను వాన లేక పంట పోయిన రైతును ఎవరు నిందింతురు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీలో చికిత్సకు ముందుగా నిర్ణయించిన మొత్తమును ఆసుపత్రికి చెల్లించు పద్ధతి యుండెను. ఇట్టి పథకములలో గుణమును బట్టి చెల్లింపు తలపెట్టినపుడు మనము అడుగవలసిన ప్రశ్న యొక్కటి: విడువబడువా రెవరు? కోతలు, నూర్పులు ముగిసిన పిమ్మటనే ఆసుపత్రికి పోవు రైతు, రోగము ముదిరినవాడుగనే అచ్చటికి చేరును. అతనిని ఆదరించునదే మంచి కొలత.